ఈ చెత్త మెయిళ్లను పూర్తిగా ఎందుకు ఆపరు?

యూనివర్సిటీలో చదివేవాళ్లూ పనిచేసేవాళ్లూ అక్కడి కంప్యూటర్ సెంటర్‌ను తరచూ అడిగే ప్రశ్న ఇది. క్యాంపస్‌లో కంప్యూటర్ సైన్సు శాఖ ఉంది, దాంట్లో ఇంతమంది ప్రొఫెసర్లు ఉన్నారు, ఏటా కొత్త యంత్రాలకు బడ్జెట్ ఉంది. అయినా పొద్దున్నే మెయిల్ తెరిస్తే లాటరీ తగిలిందని ఒకడు, అప్పు ఇప్పిస్తానని ఒకడు, మీ మెయిల్ పెట్టె నిండిపోయింది వెంటనే పాస్‌వర్డ్ చెప్పండని ఇంకొకడు. చూడగానే మనకు తెలిసిపోతోంది కదా, యంత్రానికి తెలియదా?

పూర్తిగా ఆపడం నిజానికి చాలా తేలిక. ముందే తెలిసిన చిరునామాల నుంచి వచ్చేవి తప్ప మరేవీ లోపలికి రాకూడదని ఒక్క నియమం పెడితే ఆ రాత్రికే చెత్త ఆగిపోతుంది. కానీ యూనివర్సిటీకి వచ్చే విలువైన ఉత్తరాల్లో చాలాభాగం ముక్కూ మొహం తెలియనివాళ్లు రాసేవే. శ్రీకాకుళంలో ఎమ్మెస్సీ పూర్తి చేసిన అమ్మాయి అమెరికాలో ఎప్పుడూ చూడని ప్రొఫెసర్‌కు, మీ దగ్గర పీహెచ్‌డీ చెయ్యాలని ఉంది సార్ అంటూ మొదటి మెయిల్ రాస్తుంది. ఉచిత ఖాతా నుంచి వస్తుంది, పొగడ్త కాస్త ఎక్కువగా ఉంటుంది, చివర్లో ఒక కోరిక, కింద ఒక ఫైలు జతచేసి ఉంటుంది. అదే ఉత్తరాన్ని కాస్త అటూ ఇటూ మారిస్తే పదివేల మందికి పంపిన బూటకపు మెయిల్ అవుతుంది. చెత్తను వడకట్టే పనిలో కష్టమంతా ఈ రెండింటినీ విడదియ్యడంలోనే ఉంది.

ఈ సంగతి తేటపడటానికి పాతకాలపు యూనివర్సిటీ ఆఫీసులో ఇన్‌వర్డ్ సెక్షన్‌ను ఊహించుకుందాం. టపా అంతా ముందు అక్కడి గుమాస్తా బల్ల మీదికి వస్తుంది. ఏది రిజిస్ట్రార్‌కు, ఏది పరీక్షల విభాగానికి, ఏది బుట్టలోకి అన్నది ఆయన చూసుకుంటాడు. యూనివర్సిటీ మెయిల్ ద్వారం దగ్గర కూర్చున్న యంత్రం పని కూడా ఇదే. ఈ అధ్యాయం పొడుగునా ఆ గుమాస్తా మనతోనే ఉంటాడు.

కవరు మీద ఒక పేరు, లోపల ఇంకో పేరు

మెయిల్ పెరిగింది యూనివర్సిటీల్లో, పరిశోధనశాలల్లో. అమెరికా రక్షణశాఖ సొమ్ముతో నడిచిన ఆర్పానెట్ అనే కంప్యూటర్ నెట్‌వర్క్ రోజుల్లో వాడేవాళ్లందరి పేర్లూ చిరునామాలూ ఒక డైరెక్టరీగా అచ్చువేసి పంచగలిగేటంత చిన్న లోకం అది. అంత చిన్న లోకంలోనూ 1975 నవంబరులోనే జాన్ పోస్టెల్ ఒక చిన్న పత్రం రాశారు. ఒక యంత్రం అదేపనిగా అక్కర్లేని సందేశాలు పంపుతుంటే అవతలి యంత్రానికి వద్దనే వీలు లేదు, అలాంటి వీలు ఒకటి ఉండాలి అని దాని సారాంశం. ఆ పత్రం పేరులోనే చెత్త మెయిల్ అనే మాట ఉంది. మూడేళ్లు నిండకుండానే, 1978 మే నెలలో, డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ అనే కంప్యూటర్ల కంపెనీలో మార్కెటింగ్ చూసే గ్యారీ థర్క్ అమెరికా పశ్చిమ తీరంలోని దాదాపు 400 మందికి ఒకేసారి ప్రకటన పంపించాడు. లాస్ ఏంజెలిస్‌లో, శాన్ మటేయోలో మా కొత్త కంప్యూటర్ల ప్రదర్శన ఉంది, రండి అని. చిరునామాలు రాసే చోట అన్నీ పట్టక, మిగిలినవి ఉత్తరంలోకే పొర్లాయి. ఆర్పానెట్ అధికారులు మందలించారు. కంప్యూటర్లు మాత్రం బాగా అమ్ముడుపోయాయని ఆ పెద్దమనిషి తర్వాత చెప్పుకున్నాడు. ఇక ఆగుతుందా?

1982లో మెయిల్ పంపుకునే నియమావళిని అదే పోస్టెల్ రాశారు. కొన్ని మార్పులతో ఇవాళ్టికీ లోకమంతా దాని మీదే నడుస్తోంది. పద్ధతి చాలా సాదా. పంపే యంత్రం అందుకునే యంత్రాన్ని పలకరించి తన పేరు చెబుతుంది. ఫలానావారి దగ్గర్నుంచి అంటుంది, ఫలానావారికి అంటుంది, ఆ తర్వాత ఉత్తరం చదివి వినిపిస్తుంది. అందుకునే యంత్రం సరే అంటుంది. చెప్పిన పేరు నిజమా అని అడగడం ఈ సంభాషణలో ఎక్కడా లేదు.

ఇంకో చిక్కు ఉంది. యంత్రాలు చెప్పుకునే 'ఫలానావారి దగ్గర్నుంచి' అన్నది కవరు మీది పేరు. మనం తెర మీద చూసేది కవరు లోపలి కాగితం మీది పేరు. రెండూ ఒకటే కావాలన్న నియమం లేదు. ఇన్‌వర్డ్ గుమాస్తాకు ఒక కవరు వచ్చింది. వెనక ఏదో ఊరు పేరుంది, లోపల ఉత్తరం మాత్రం వైస్ ఛాన్సలర్ లెటర్‌హెడ్ మీద ఉంది. లెటర్‌హెడ్లు ఎవరైనా అచ్చు వేయించుకోగలిగిన ఊళ్లో ఆ కాగితాన్ని నమ్మి ఏం లాభం?

దీనికి మందు చాలా ఆలస్యంగా వచ్చింది. 2006 నుంచి ఒకటొకటిగా మూడు ఏర్పాట్లు ప్రమాణాలయ్యాయి. మా పేరుతో ఉత్తరాలు ఫలానా యంత్రాల నుంచి మాత్రమే బయల్దేరతాయి అని యూనివర్సిటీ బహిరంగంగా ప్రకటించడం మొదటిది, దాన్ని ఎస్‌పీఎఫ్ అంటారు. ఉత్తరం మీద ఎవరూ అనుకరించలేని అంకెల ముద్ర వెయ్యడం రెండోది, అది డీకిమ్. ఈ పరీక్షలు తప్పిన ఉత్తరాన్ని ఏం చెయ్యాలో పేరు సొంతదారే ముందుగా చెప్పిపెట్టడం మూడోది, అది డీమార్క్. 2024 ఫిబ్రవరి నుంచి గూగుల్, యాహూ రెండూ, పెద్ద ఎత్తున మెయిల్ పంపేవాళ్లకు ఈ మూడూ ఉండి తీరాలన్నాయి.

ఇందులోనూ ఒక మెలిక. చదువు ముగించి వెళ్లిన విద్యార్థి యూనివర్సిటీ ఇచ్చిన పాత చిరునామాను వదులుకోడు, దానికి వచ్చే మెయిల్ తన జీమెయిల్‌కు మళ్లేలా పెట్టుకుంటాడు. మళ్లించిన ఉత్తరం అసలు పంపినవారి యంత్రం నుంచి రాదు, యూనివర్సిటీ యంత్రం నుంచి వస్తుంది. కాబట్టి మొదటి పరీక్ష తప్పుతుంది. పైగా ఈ ఏర్పాట్లన్నీ చెప్పేది పంపింది ఎవరన్నదే. ఉత్తరం మంచిదా చెడ్డదా అన్నది కాదు. చెత్త పంపేవాడు కూడా తన సొంత పేరుకు శుభ్రంగా ముద్ర వేయించుకుంటాడు.

గుమ్మం దగ్గరే ఆపడం

ప్రతి ఉత్తరాన్నీ విప్పి చదవడం ఖరీదైన పని. అందుకని గుమాస్తా ముందు కవరు మీద తపాలా ముద్ర చూస్తాడు. ఫలానా ఊరి నుంచి వచ్చినవన్నీ బూటకాలేనని అనుభవం మీద తెలిస్తే, ఆ ముద్ర ఉన్నవాటిని విప్పకుండానే తిప్పి పంపేస్తాడు. 1997లో పాల్ విక్సీ, ఆయన మిత్రులు మొదలుపెట్టిన నల్లజాబితా ఇదే. చెత్త పంపే యంత్రాల అంకెల చిరునామాలు ఒకచోట ఉంచారు. లోకంలో ఏ మెయిల్ యంత్రమైనా సెకను లోపల అడిగి తెలుసుకోవచ్చు. మరుసటేడు లండన్‌లో స్టీవ్ లిన్‌ఫోర్డ్ స్థాపించిన స్పామ్‌హౌస్ జాబితాలను ఇప్పటికీ ఎన్నో యూనివర్సిటీలు వాడుతున్నాయి. ద్వారం దగ్గర వెనక్కి పోయే చెత్తలో పెద్ద వాటా ఈ జాబితాలదే. కానీ ఒక యంత్రం మీద వంద సంస్థలు మెయిల్ నడుపుకుంటూ అందులో ఒక్కటి చెడ్డదైతే, మిగతా తొంభైతొమ్మిదీ దాంతోపాటు జాబితాకెక్కుతాయి.

చెత్త పంపేవాళ్లు ఊరుకోలేదు. వైరస్‌లతో ఇళ్లలోని కంప్యూటర్లను లొంగదీసుకుని వాటి చేత పంపించడం మొదలుపెట్టారు. సొంతదారుకు తెలియకుండా పరాయివాడి మాట వినే ఈ దొంగ యంత్రాల దండునే బాట్‌నెట్ అంటారు. 2008లో శాన్ డీగో, బర్క్‌లీల్లోని కాలిఫోర్నియా యూనివర్సిటీ పరిశోధకులు స్టార్మ్ అనే దండులోకి చొరబడ్డారు. అది పంపే మెయిళ్లలో కొన్నిటిని తాము కట్టిన ఉత్తుత్తి మందుల దుకాణానికి మళ్లించి లెక్క తీశారు. 26 రోజుల్లో దాదాపు 35 కోట్ల మెయిళ్లు పోతే, కొనడానికి సిద్ధపడ్డవాళ్లు 28 మంది. ఇంత తక్కువ ఫలితంతో ఏ వ్యాపారమైనా మూతపడాలి. కానీ స్టాంపు ఖర్చు లేదు, కాగితం ఖర్చు లేదు, కరెంటు బిల్లు కూడా పరాయివాడిదే. అందుకే ఆగదు. అదే ఏడాది నవంబరులో ఇలాంటి దండులకు ఆశ్రయమిస్తున్న మెక్‌కోలో అనే ఒక్క కాలిఫోర్నియా సంస్థకు ఇంటర్నెట్ సంబంధం తెంచేస్తే, ప్రపంచంలో చెత్త మెయిల్ రాత్రికి రాత్రే సగానికి పైగా పడిపోయింది. ఆ ప్రశాంతత కొన్ని నెలల ముచ్చటే అయింది. 2004 జనవరిలో దావోస్‌లో బిల్ గేట్స్ రెండేళ్లలో ఈ పీడ విరగడవుతుందని జోస్యం చెప్పిన సంగతి ఇక్కడ గుర్తు చెయ్యకుండా ఉండలేను.

దొంగ యంత్రాలకు ఓపిక ఉండదు. దీన్ని కనిపెట్టిన ఇవాన్ హారిస్ 2003లో ఒక చిట్కా చెప్పారు. ముక్కూ మొహం తెలియని యంత్రం తలుపు తడితే, ఇప్పుడు వీలుపడదు, కాసేపాగి రా అనాలి. పద్ధతి ప్రకారం నడిచే మెయిల్ యంత్రం ఉత్తరాన్ని దగ్గరుంచుకుని కాసేపటికి మళ్లీ వస్తుంది. కోట్ల చిరునామాలను చుట్టబెట్టాల్సిన దొంగ యంత్రం, అప్పట్లో, మళ్లీ వచ్చేది కాదు. ఇంగ్లిష్‌లో దీని పేరు గ్రేలిస్టింగ్. కాసేపాగి రా పద్ధతి అంటే మనకు చాలు. పైసా ఖర్చు లేదు కనుక చాలా యూనివర్సిటీలు ఆనందంగా పెట్టుకున్నాయి. ఆ తర్వాత ఫోన్లు మొదలయ్యాయి. పరిశోధనకు గ్రాంటు దరఖాస్తు గడువు సాయంత్రం ఐదింటికి, ధ్రువీకరణ కోడ్ మెయిల్‌లో వస్తుందన్నారు, నాలుగున్నరైంది, ఇంకా రాలేదేమిటి అని.

మాటల తూకం

గుమ్మం దాటినవాటిని విప్పి చూడక తప్పదు. మొదట్లో అందరికీ తోచింది చెడ్డ మాటల జాబితా. ఫలానా మందు పేరుంటే పారెయ్, ఫలానా బూతుంటే పారెయ్. ఇది ఎంత మొరటు పద్ధతో ఒక్క ఉదాహరణ చాలు. సియాలిస్ అని మగవాళ్ల మందు ఒకటుంది, దాని మీద చెత్త ప్రకటనలు లెక్కలేనన్ని. 'స్పెషలిస్ట్', 'సోషలిస్ట్' అనే మాటల్ని ఇంగ్లిష్ అక్షరాల్లో రాసి చూడండి, రెండింటి నడుమా ఆ మందు పేరు అక్షరం పొల్లుపోకుండా దాగి ఉంటుంది. ఇక వైద్య కళాశాలకూ రాజనీతి శాస్త్ర శాఖకూ ఉత్తరాలు ఎలా అందుతాయి? 2003 ఫిబ్రవరిలో బ్రిటన్ పార్లమెంటులో కొత్తగా పెట్టిన వడపోత, సభ ముందున్న లైంగిక నేరాల బిల్లు గురించి ఎంపీలకు వచ్చిన మెయిళ్లను ఆపేసింది. వెల్ష్ భాషలో రాసినవాటినీ, అదేం భాషో అర్థంకాక, ఆపేసింది.

ఒక్క మాట పట్టుకుని తీర్పు చెప్పకుండా, అనుమానాలన్నిటికీ మార్కులు వేసి కూడటం మేలైన పద్ధతి. 2001లో జస్టిన్ మేసన్ విడుదల చేసిన స్పామ్ అసాసిన్ అలాంటిది. ఉచితం కనుక యూనివర్సిటీలకు బాగా నచ్చింది. శీర్షిక అంతా పెద్ద అక్షరాల్లో ఉంటే కొంత, తేదీ భవిష్యత్తులో ఉంటే కొంత, పంపిన యంత్రం నల్లజాబితాలో ఉంటే మరికొంత. మొత్తం ఐదు దాటితే చెత్తగా లెక్క. ఎంత అనుమానానికి ఎన్ని మార్కులన్నది మనుషులు కూర్చుని తేల్చలేదు. మంచివీ చెడ్డవీ వేల మెయిళ్లు ముందుపెట్టి, ఏ మార్కులైతే తప్పులు తగ్గుతాయో యంత్రం చేతే వెతికించారు.

మార్కుల పద్ధతి తెలుగువాళ్లకు ఎలా తగిలేదో చెప్పుకోవాలి. మెయిల్ నియమావళి రాసిన రోజున దానికి తెలిసింది ఇంగ్లిష్ అక్షరాలే. తెలుగులో ఒక్కొక్క సంకేతానికి యూనికోడ్ ప్రకారం మూడేసి బైట్లు పడతాయి. అవి ఆ పాత దారిలో క్షేమంగా పోవాలంటే, ఉత్తరం మొత్తాన్ని అర్థంలేని ఇంగ్లిష్ అక్షరాల వరసగా మార్చి పంపాల్సి వచ్చేది. ఈ మూటకట్టే పద్ధతి పేరు బేస్ 64. చెత్త పంపేవాళ్లు కూడా, మాటలు వెతికే వడపోతకు దొరక్కుండా ఉండటానికి, ఇదే మూట వాడేవారు. దాంతో మామూలు రాతను మూటకట్టి పంపితే అనుమానించాలని స్పామ్ అసాసిన్‌లో ఒక నియమం చేరింది. అమెరికాలో చదువుతున్న కొడుక్కి తండ్రి తెలుగులో రాసిన ఉత్తరానికి, అందులో ఏముందో చూడకముందే, అనుమానపు మార్కులు పడే అవకాశం ఉండేదన్నమాట. ఇందులో ద్వేషమేమీ లేదు. నియమం రాసినవాళ్ల పెట్టెల్లోకి అలాంటి ఉత్తరం ఎన్నడూ వచ్చి ఉండదు, అంతే.

మూడో పద్ధతి నేర్చుకునే పద్ధతి, నాకు అన్నిటిలోకీ అందమైనది. మన గుమాస్తాకు నియమాలేవీ చెప్పకండి. పాతవి వంద మంచి ఉత్తరాలు, వంద చెత్త ఉత్తరాలు ఇచ్చి, మాటలు లెక్కపెట్టమనండి. 'సిలబస్' అన్న మాట మంచివాటిలో ఇరవైలో కనిపించింది, చెత్తలో ఒక్కదాంట్లో కనిపించింది అనుకుందాం. రేపు వచ్చే ఉత్తరంలో 'సిలబస్' ఉంటే అది మంచిదనడానికి ఇరవైకి ఒకటి బలం. 'ఉచితం' అన్న మాట తూకం చెత్త వైపు మొగ్గుతుంది. అన్ని మాటల బలాబలాలనూ కలిపి చూస్తే మొత్తం మీద ఏ వైపో తేలుతుంది. తెలిసిన ఆధారాన్ని బట్టి అభిప్రాయాన్ని ఎంత మార్చుకోవాలో చెప్పే ఈ తర్కానికి ఆద్యుడు థామస్ బేయ్స్ అనే ఇంగ్లిష్ మతబోధకుడు. ఆయన చనిపోయాక, 1763లో, మిత్రుడు రిచర్డ్ ప్రైస్ దాన్ని అచ్చు వేయించాడు.

మెయిల్‌కు దీన్ని 1998లో మెహ్రాన్ సహామీ, మైక్రోసాఫ్ట్‌లోని ఆయన సహచరులు అన్వయించారు. మంచి ఉత్తరాన్ని పారేయడం చెత్తను రానివ్వడం కన్నా ఎంతో పెద్ద తప్పు కనుక, 99.9 శాతం నమ్మకం కుదిరితేనే చెత్త అనాలని వాళ్లు పెట్టుకున్నారు. 2002 ఆగస్టులో పాల్ గ్రాహం రాసిన వ్యాసంతో ఈ పద్ధతి ఊరూరా పాకింది. గ్రాహం మంచి ఉత్తరాల్లో కనిపించిన మాటను రెండుసార్లుగా లెక్కపెట్టాడు, నిర్దోషి వైపు మొగ్గు ఉండాలని. ఎన్నడూ చూడని మాటను కూడా కాస్త మంచి వైపే వేశాడు. ఆయన లెక్కలో తేలిన ఒక విశేషం ఏమిటంటే, చెత్తను పట్టించడంలో వెబ్ భాషలో కొట్టొచ్చే ఎరుపు రంగుకు వాడే సంకేతం బూతు మాటలతో సమానంగా పనిచేసింది. అలాంటి నియమం రాయాలని ఏ మనిషికీ తట్టేది కాదు.

ఈ పద్ధతికి ఆయువుపట్టు ఏమిటంటే, ఎవరి ఉత్తరాల నుంచి నేర్పితే వాళ్లకే బాగా పనిచేస్తుంది. 1999లో హ్యూలెట్ ప్యాకార్డ్ ప్రయోగశాలలో 4601 మెయిళ్ల నుంచి తయారైన లెక్కలను ఇప్పటికీ విద్యార్థులు అభ్యాసానికి వాడతారు. అందులో మంచి మెయిల్‌ను బాగా పట్టించే గుర్తుల్లో రెండు: జార్జ్ అనే పేరు, 650 అనే అంకె. మంచి మెయిళ్లు ఇచ్చిన ఉద్యోగి పేరు జార్జ్, 650 అక్కడి టెలిఫోన్ కోడ్. ఆ యంత్రాన్ని యథాతథంగా తెచ్చి ఉస్మానియాలోనో ఆంధ్ర విశ్వకళాపరిషత్తులోనో పెడితే జార్జ్ కోసం వెతుకుతూ కూర్చుంటుంది. అదే తెలుగు తండ్రి ఉత్తరాలను కొడుకు ఒకటి రెండుసార్లు 'ఇది చెత్త కాదు' అని గుర్తుపెడితే, అక్కడి చెత్త దాదాపు అంతా ఇంగ్లిష్‌లోనే వస్తుంది కనుక, తెలుగు మాటలే అతనికి మంచి మెయిల్ ముద్రలైపోతాయి.

గీత ఎక్కడ గియ్యాలి

ఒక యూనివర్సిటీకి రోజుకు లక్ష మంచి మెయిళ్లు వస్తాయనుకుందాం. వడపోత వెయ్యికి ఒక్కసారే పొరబడుతుందనుకుందాం. చెవికి గొప్పగానే ఉంది. కానీ రోజుకు వంద మంచి ఉత్తరాలు తప్పిపోతాయి. ఆ వందలో ఒకటి అడ్మిషన్ ఖరారు కావచ్చు, ఇంకొకటి వీసా కాగితం కావచ్చు. చెత్త ఇంకా కాస్త తగ్గాలని గీతను కిందికి జరిపితే ఈ వంద మూడొందలవుతుంది. పైకి జరిపితే మంచివి దక్కుతాయి, చెత్త పెరుగుతుంది. గీత లేని వడపోత లేదు.

కాబట్టి ఎంత తెలివైన యంత్రం అన్నదాని కన్నా, అనుమానించిన ఉత్తరాన్ని ఏం చేస్తారన్నది నాకు పెద్ద ప్రశ్న. మూడు దారులున్నాయి. గుమ్మం దగ్గరే వద్దని వెనక్కి పంపొచ్చు, అప్పుడు పొరపాటు జరిగినా పంపినవాళ్లకు తెలుస్తుంది, ఫోన్ చేస్తారు. లోపలికి తీసుకుని వేరే పెట్టెలో ఉంచి, మీకు వచ్చినవాటిలో ఇవి పక్కన పెట్టాం అని రోజుకోసారి జాబితా పంపొచ్చు. ఈ పెట్టెనే క్వారంటైన్ అంటారు. లేదా చప్పుడు చెయ్యకుండా పారేయొచ్చు. ఈ మూడోది ఘోరం. పంపినవాడు అందిందనుకుంటాడు, అందుకోవాల్సినవాడు రాయలేదనుకుంటాడు, ఇద్దరి మధ్యా ఏం జరిగిందో చెప్పేవాళ్లుండరు.

గీత ఎక్కడన్నది ఎవరికి వారే ఎంచుకునేలా చాలా యూనివర్సిటీలు వదిలేశాయి. యంత్రం మార్కులు వేసి ఉత్తరం నుదుట రాసి ఇస్తుంది, ఎన్ని మార్కులు దాటితే పక్కన పెట్టాలో మీరు చెప్పుకోండి అని. ఫార్మకాలజీ ప్రొఫెసర్‌కు మందుల పేర్లు మామూలు సరుకు. అడ్మిషన్ల విభాగానికి అపరిచితుల మెయిలే అసలు పని. అకౌంట్స్ సెక్షన్‌కు తెలియనివాడు పంపిన ఇన్‌వాయిస్ ప్రమాదం. ముగ్గురికీ ఒకే గీత గియ్యడం న్యాయం కాదు. దీనికి ఒక ఇబ్బంది మాత్రం ఉంది. ఆ ఎంపిక పేజీ తెరిచేవాళ్లు తక్కువ, మొదట్లో పెట్టి ఇచ్చిన గీతే అత్యధికులకు శాశ్వతమవుతుంది.

'గౌరవనీయులైన ప్రొఫెసర్ గారికి'

మందుల ప్రకటనలనూ లాటరీలనూ యంత్రాలు ఇప్పుడు బాగానే పడుతున్నాయి. యూనివర్సిటీవాళ్లను నిజంగా విసిగించే చెత్త ఇంకొకటుంది. మీ పరిశోధన అద్భుతం, మా జర్నల్‌కు వ్యాసం పంపండి, మా అంతర్జాతీయ సదస్సుకు ముఖ్య అతిథిగా రండి అని వచ్చేవి. వీటిలో బూతు లేదు, కొట్టొచ్చే ఎరుపు లేదు, దొంగ యంత్రాల దండు లేదు, ముద్రలన్నీ సరిగ్గా ఉంటాయి. మాటలు చూస్తే జర్నల్, సమీక్ష, సంపాదకవర్గం, పరిశోధన. మాటలు లెక్కపెట్టే గుమాస్తా వీటికి లేచి నిలబడి దారిస్తాడు. యూనివర్సిటీ మంచి ఉత్తరాల్లో ఉండే మాటలే ఇవన్నీ మరి.

న్యూజీలాండ్‌లో కొందరు వైద్య పరిశోధకులు తమకు వచ్చిన ఇలాంటి ఆహ్వానాలను లెక్కగట్టి 2016 చివర్లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో అచ్చు వేశారు. 83 శాతం ఆహ్వానాలకు తమ పరిశోధనతో సంబంధం లేదు, ఉన్నా అంతంతమాత్రం. ఇక పంపొద్దని పద్ధతిగా అందరికీ రాస్తే నెల తర్వాత 39 శాతం తగ్గాయి. ఏడాది తర్వాత చూస్తే తగ్గింది 19 శాతమే.

డేవిడ్ మాజియేర్, ఎడీ కోలర్ అనే ఇద్దరు కంప్యూటర్ శాస్త్రజ్ఞులు 2005లో విసిగి వేసారి ఒక 'పరిశోధన వ్యాసం' తయారు చేశారు. మీ మెయిల్ జాబితా నుంచి నన్ను తీసెయ్యండి అన్న ఒకే వాక్యం, ఒక బూతుమాటతో సహా, పది పేజీలు. బొమ్మలూ గ్రాఫులూ కూడా అవే మాటలతో. 2014లో పీటర్ వాంప్లూ అనే ఆస్ట్రేలియా అధ్యాపకుడు, తనను వేధిస్తున్న ఒక జర్నల్‌కు దాన్నే జవాబుగా పంపితే, సమీక్షలో శ్రేష్ఠమని తేలింది, 150 డాలర్లు కట్టండి, వేస్తాం అని కబురొచ్చింది.

నవ్వుకోవచ్చు గాని మనకు తగిలే సంగతి కూడా ఇందులో ఉంది. 2016 ఆగస్టులో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ కేసు పెట్టింది హైదరాబాద్ కేంద్రంగా ఇలాంటి జర్నళ్లూ సదస్సులూ నడిపే ఓమిక్స్ గ్రూప్ మీద. సమీక్ష గురించీ సంపాదకుల గురించీ నిజం చెప్పడం లేదని, రుసుము సంగతి ముందు దాచి తర్వాత అడుగుతున్నారని, ఒప్పుకోని పండితుల పేర్లు సదస్సుల ప్రకటనల్లో వేస్తున్నారని ఆరోపణ. 2019లో నెవాడాలోని ఫెడరల్ కోర్టు 5.01 కోట్ల డాలర్లకు పైగా కట్టాలని తీర్పు చెప్పింది. ఇది మోసం అని తేల్చడానికి ఒక దేశపు కోర్టుకు రెండున్నరేళ్లు పట్టింది. అదే తీర్పు సెకనులో చెప్పమని మనం యంత్రాన్ని అడుగుతున్నాం.

చట్టాలు లేవా అంటే, ఉన్నాయి. 2004 జనవరి 1 నుంచి అమలైన అమెరికా చట్టం ప్రకటనల మెయిల్‌ను నిషేధించలేదు. పంపేవాడు తన ఊరూ పేరూ నిజం చెప్పాలి, వద్దంటే ఆపాలి అంది, అంతే. మనదేశంలో సమాచార సాంకేతిక చట్టం 66ఎ సెక్షన్‌లో, ఎవరు పంపారో తెలియకుండా మభ్యపెట్టే మెయిళ్ల గురించి ఒక క్లాజు ఉండేది. భావప్రకటన స్వేచ్ఛకు విరుద్ధమని 2015 మార్చిలో సుప్రీంకోర్టు ఆ సెక్షన్ మొత్తాన్నీ కొట్టేసింది. క్లాజు కూడా దాంతోనే పోయింది.

లోపలి నుంచి పోయే చెత్త

సహామీ బృందం 1998లో ఒక గుర్తు చెప్పింది. చిరునామా చివర అమెరికా విద్యాసంస్థలకు ఇచ్చే 'ఈడీయూ' ఉంటే ఆ ఉత్తరం చెత్త అయ్యే అవకాశం దాదాపు లేదని. అప్పటికి అది నిజం. లోకమంతా యూనివర్సిటీ పేరు చూసి తలుపు తీస్తుందని తెలిశాక, దొంగలకు ఆ పేరే కావాల్సి వచ్చింది.

మీ మెయిల్ పెట్టె నిండిపోయింది, పాస్‌వర్డ్ చెప్పకపోతే ఖాతా మూసేస్తాం అన్న గాలపు మెయిల్, అంటే ఫిషింగ్, అందుకే వస్తుంది. వేలమందిలో ఒక్కరు చెప్పినా చాలు. ఆ రాత్రే ఆ ఖాతా నుంచి లక్షల చెత్త మెయిళ్లు బయల్దేరతాయి, యూనివర్సిటీ సొంత ముద్రతో. తెల్లారేసరికి యూనివర్సిటీ యంత్రమే నల్లజాబితాకెక్కుతుంది. పరీక్షల కంట్రోలర్ విద్యార్థులకు పంపిన హాల్‌టికెట్ల మెయిల్ ఎక్కడికక్కడ వెనక్కి వస్తుంది. ఎదుటివాడి గుమాస్తా కూడా మన గుమాస్తా లాగే తపాలా ముద్ర చూస్తాడు కదా.

పోయేది పరువు ఒక్కటే కాదు. 2018 మార్చిలో అమెరికా న్యాయశాఖ తొమ్మిదిమంది ఇరాన్ దేశస్థుల మీద అభియోగాలు మోపింది. లక్షకు పైగా ప్రొఫెసర్ల ఖాతాలకు గాలం వేసి, దాదాపు 8000 ఖాతాలు చేజిక్కించుకున్నారని, అమెరికాలో 144, మరో 21 దేశాల్లో 176 యూనివర్సిటీలు దెబ్బతిన్నాయని అందులో ఉంది. వాళ్లకు కావాల్సింది లైబ్రరీలు డబ్బు కట్టి తెప్పించుకునే పరిశోధన సామగ్రి. తోటి ప్రొఫెసర్ రాసినట్టు, మీ వ్యాసం చదివాను, దానికి సంబంధించిన ఇంకో వ్యాసం ఇక్కడ ఉంది చూడండి అని రాసేవారట. నొక్కితే మీ యూనివర్సిటీ లాగిన్ పేజీలాంటిదే తెరుచుకుంటుంది.

అందుకని ఇప్పుడు చాలా యూనివర్సిటీల్లో లాగిన్‌కు పాస్‌వర్డ్‌తోపాటు ఫోన్‌కు వచ్చే రెండో తాళం కూడా కావాలి. గుమాస్తాను వచ్చే టపా దగ్గరే కాక పోయే టపా దగ్గర కూడా కూర్చోబెట్టారు. ఏ ఖాతా నుంచైనా గంటకు ఇన్ని దాటి మెయిళ్లు పోతే ఆపేసి, సొంతదారును అడుగుతారు. ఈ కట్టడిలో దొంగల కన్నా ముందు చిక్కుకునేది సెమినార్ ఆహ్వానాన్ని పూర్వవిద్యార్థులందరికీ ఒకే దెబ్బకు పంపబోయిన శాఖాధిపతి. హెల్ప్‌డెస్క్‌కు ఫోన్ చేసి, నేనే పంపాను బాబూ, అది నేనే, అని ఆయన నిరూపించుకోవాలి. రెండో తాళం వచ్చే ఫోనేమో ఇంట్లో మర్చిపోయి ఉంటాడు.